నెత్తిమీది నాటకం

విగ్గు పెట్టుకున్నవాళ్లూ... చేసినవాళ్లూ... చూసి నవ్వినవాళ్లూ!

మూడు బొమ్మలు. పక్కపక్కనే వుంటాయి.

మొదటి దాంట్లో మనిషి లేడు. రాజుగారి అంగీ, ఎత్తుమడమల జోళ్లు, కత్తి, వాటన్నిటి మీద కొండంత విగ్గు... దర్జీ కొట్లో కొయ్యబొమ్మకి తొడిగినట్టు నిలబడి వున్నాయి. రెండో దాంట్లో ఓ పొట్టి ముసలాయన. బట్టతల, పుల్లల్లాంటి కాళ్లు, కాస్త బొజ్జ, చేతిలో కర్ర. సంతలో ఎదురైతే ఎవరూ రెండోసారి చూడరు. మూడో దాంట్లో ఆ ముసలాయనకి ఈ సరంజామా అంతా తగిలించారు. అంతే! ఫ్రాన్సు దేశపు మహారాజు పద్నాలుగో లూయీగారు వేంచేశారు!

ఈ బొమ్మలు గీసినవాడు ఇంగ్లీషు రచయిత థాకరే. 1811లో మన కలకత్తాలోనే పుట్టాడాయన. 1840లో అచ్చయిన ‘పారిస్ స్కెచ్ బుక్’లో వీటిని వేశాడు. మంగలీ, చెప్పులు కుట్టేవాడూ కలిసి దేవుణ్ణి తయారుచేస్తే మనం దండాలు పెడుతున్నామని ఆయన ఎత్తిపొడుపు. ఆ బొమ్మలు చూడగానే నాకు మన మేకప్ రూములే గుర్తొచ్చాయి. పొద్దున ఆరింటికి లుంగీతో లోపలికెళ్లిన మనిషి, తొమ్మిదింటికి దుర్యోధనుడై బయటికి రావడం మనకేమన్నా కొత్తా?

ఇంతకీ ఈ థాకరేయే తరవాత 1844లో ‘బారీ లిండన్’ అనే నవల రాశాడు. స్టాన్లీ కుబ్రిక్ 1975లో తీసిన సినిమా దాని మీదే. ఆ సినిమా సంగతికి మళ్లీ వద్దాం. ముందు విగ్గు సంగతి.

బట్టతల తెచ్చిన ఫాషన్

రాజుకి జుట్టు వూడితే దేశానికేం? ఏమీ లేదని మనం అనుకుంటాం. ఫ్రాన్సులో అలా జరగలేదు. పదమూడో లూయీకి చిన్న వయసులోనే జుట్టు పల్చబడి విగ్గు పెట్టాడు. ఆయన కొడుకు పద్నాలుగో లూయీ దాన్ని రాజలాంఛనం చేశాడు. 1701లో రిగో అనే చిత్రకారుడు గీసిన ఆయన నిలువెత్తు బొమ్మ పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో వుంది. అరవై దాటిన మనిషి! భుజాల మీదికి నల్లటి వుంగరాల జుట్టు జలపాతంలా దూకుతూ వుంటుంది. థాకరే వెక్కిరించింది ఆ పటాన్నే.

రాజు పెట్టాక దర్బారు పెట్టింది. దర్బారు పెట్టాక డాక్టరు, లాయరు, వర్తకుడు అందరూ పెట్టారు. 1673 నాటికి పారిస్‌లో విగ్గులు చేసేవాళ్లకి వేరే సంఘమే ఏర్పడింది. ఫ్రాన్సులో తలదాచుకున్న ఇంగ్లీషు రాజు రెండో చార్లెస్ 1660లో తిరిగి గద్దె ఎక్కాక ఆ మోజు లండనుకీ పాకింది. విగ్గు ఎంత పెద్దదైతే మనిషి అంత పెద్దవాడన్న లెక్క. ఇప్పటికీ ఇంగ్లీషులో గొప్పవాళ్లని ‘బిగ్‌విగ్’ అంటారు చూశారూ, అది అప్పటి మాటే. మనం ‘పెద్ద తలకాయ’ అంటాం. వాళ్లు తలకాయని కూడా వదిలేసి విగ్గునే లెక్కేసుకున్నారన్నమాట!

సొంత జుట్టున్నవాళ్లు కూడా గుండు చేయించుకుని మరీ పెట్టేవాళ్లు. పేల బాధ వొకటి, వూడిన జుట్టు దాచుకోవడం వొకటి. అన్నిటికన్నా పెద్దది నలుగురితో నారాయణ.

లండను వుద్యోగి శామ్యూల్ పీప్స్ డైరీ రాయకపోతే ఈ వేడుకంతా మనకి ఇంత బాగా తెలిసేది కాదు. 1663లో ఆయన రెండు విగ్గులు కొన్నాడు. వొకటి మూడు పౌన్లు, రెండోది నలభై షిల్లింగులు. తన జుట్టు కత్తిరిస్తుంటే ప్రాణం కాస్త చివుక్కుమంది పాపం. ఆ కత్తిరించిన జుట్టునే ఇంకో విగ్గు చెయ్యడానికి మంగలి పట్టుకెళ్లాడు. ఆదివారం విగ్గుతో చర్చికి వెళ్తే అందరూ తననే చూస్తారేమోనని గుండెలు దడదడలాడాయి. తీరా వెళ్తే ఎవరూ పట్టించుకోలేదు! కొత్త హీరో మొదటి సినిమా రిలీజు రోజు హోటల్లో టిఫిన్ తింటూ జనం గుమిగూడతారని ఎదురుచూసినట్టు వుందీ సంగతి.

రెండేళ్లకి, 1665లో, లండన్ని ప్లేగు కాటేసింది. పీప్స్‌కి మరో భయం పట్టుకుంది. ఈ విగ్గుల జుట్టు ప్లేగుతో చచ్చిపోయినవాళ్ల తలల మీంచి కోసింది కాదని నమ్మకమేమిటి? ఇక ఎవరన్నా విగ్గు కొంటారా? ఆ ప్రశ్నలో నవ్వు లేదు. విగ్గు ఎక్కడో వొకరి నెత్తి నుంచి రావాలి కదా అన్న ఇంగితం వుంది.

ఉడకబెట్టి... పిండిలో చుట్టి... పొయ్యిలో పెట్టి!

ఇది వంటల శీర్షిక కాదు. విగ్గు తయారీ!

ఫ్రాన్సులో దీదరో, దాలంబేర్ అనే ఇద్దరు మేధావులు 1751 నుంచి 1772 దాకా సంపుటాలు సంపుటాలుగా ‘ఎన్‌సైక్లొపీదీ’ని తెచ్చారు. రాజుల కథలకన్నా చేతిపనుల రహస్యాలకి ఎక్కువ మర్యాద ఇచ్చిన పుస్తకమది. అందులో విగ్గులు చేసేవాళ్లకీ బొమ్మల పలకలున్నాయి. దుకాణం, పనిముట్లు, విగ్గుల రకాలు... అన్నీ. 1767లో గర్సో అనే ఆయన కేవలం ఈ పని మీదే వొక పుస్తకం రాశాడు.

పని ఎలా సాగేదంటే... ముందు వెంట్రుకల్ని పొడవుని బట్టీ రంగుని బట్టీ ఏరాలి. కుదుళ్లన్నీ వొక వైపు, కొసలన్నీ వొక వైపు రావాలి. ఇనపముళ్లు దిగేసిన పలక మీద చిక్కు తియ్యాలి. తరవాత చిన్న చిన్న మట్టి కణుపులకో, కొయ్య కణుపులకో పాయలు పాయలుగా చుట్టి, దారంతో బిగించి, నీళ్లలో మూడు గంటల దాకా వుడకబెట్టాలి. ఆరబెట్టాలి. ఆపైన కాగితంలో పొట్లం కట్టి, ముతక పిండి ముద్ద మధ్యలో పెట్టి, రొట్టెలవాడి పొయ్యిలో కాల్చాలి! రొట్టె కాలేసరికి లోపల వుంగరం నిలబడిపోతుంది. వానొచ్చినా వరదొచ్చినా విప్పుకోదు.

అప్పుడు మొదలవుతుంది అసలు నేత. రెండు నిలువు కర్రల మధ్య పట్టుదారాలు బిగించి, నాలుగైదు వెంట్రుకలు పట్టుకుని ఆ దారాల్లో మెలిక వేస్తూ పోవాలి. జల్లెడ కుచ్చులాగా పొడుగాటి పేట తయారవుతుంది. కొనేవాడి తల కొలతలకి సరిపడే కొయ్యతల మీద వల బిగించి, రిబ్బను కుట్టి, ఈ పేటల్ని మెడ దగ్గర మొదలుపెట్టి వరస మీద వరస పైకి కుట్టుకుంటూ రావాలి. ఇంటి కప్పుకి తాటాకు నేసినట్టే. చివర కత్తెర, వేడి ఇనుము, పందికొవ్వులాంటి జిడ్డు, దాని మీద తెల్లటి పౌడరు.

ఈ పౌడరేమిటో తెలుసా? గోధుమ గంజిపిండి! కాస్త అత్తరు కలిపితే పెద్దవాళ్లకి. కలపకపోతే చిన్నవాళ్లకి. చల్లేటప్పుడు కళ్లలో పడకుండా దొర మొహానికి కాగితపు గొట్టం అడ్డం పెట్టుకునేవాడు. ఈ గోధుమపిండే తరవాత కొంప ముంచింది.

ఎవరి జుట్టు?

పొడుగాటి మనిషి జుట్టయితే ఖరీదు. గుర్రం వెంట్రుకలూ, మేక వెంట్రుకలూ చవక. మనిషి జుట్టు ఎక్కణ్ణుంచి వస్తుంది? లేనివాళ్ల తలల నుంచి. పల్లెల్లో జుట్టు కొనే వర్తకులు తిరిగేవాళ్లు. డబ్బుకో, నాలుగు గజాల గుడ్డకో పల్లెపడుచులు జడ కోసి ఇచ్చేవాళ్లు. విక్టర్ హ్యూగో 1862లో రాసిన ‘లే మిజరాబ్ల్’లో ఫాంటీన్ కన్నబిడ్డ కోసం జుట్టు అమ్ముకుంటుంది. పది ఫ్రాంకులకి! ఆ నవల మనకి కొత్త కాదు. 1950లో నాగయ్యగారితో రామ్‌నాథ్ తీసిన ‘బీదలపాట్లు’కి మూలం అదే.

ఆ కథ అక్కడితో ఆగలేదు. తిరుమల కల్యాణకట్టలో భక్తులు ఇచ్చిన తలనీలాల్ని దేవస్థానంవాళ్లు వేలం వేస్తారు. అవి విగ్గులై సముద్రాలు దాటతాయి. 2004లో న్యూయార్కు బ్రూక్లిన్‌లో సనాతన యూదు స్త్రీలు తమ విగ్గుల్ని వీధుల్లో తగలబెట్టారు. పెళ్లయినవాళ్లు సొంత జుట్టు కనపడనివ్వకూడదన్నది వాళ్ల ఆచారం. ఆ విగ్గుల్లో హిందూ దేవుడికిచ్చిన జుట్టుందని వాళ్ల మతగురువులు అభ్యంతరం చెప్పారు. కొండ మీద మొక్కు తీర్చుకున్న మన పల్లెటూరి పెద్దమ్మకి ఈ సంగతి తెలిసి వుంటుందా? ఇక చిక్కు వెంట్రుకలకి స్టీలు గిన్నె ఇస్తామని మన వీధుల్లో కేకేసుకుంటూ తిరిగే మనిషి గొంతు మీరు వినే వుంటారు. మూడొందల ఏళ్ల కిందటి ఫ్రెంచి వర్తకుడికి ఆయన దూరపు చుట్టం.

పల్లకీ ఎక్కిన విగ్గు

విగ్గుని ముందు ఆట పట్టించింది రంగస్థలం. 1696లో లండను స్టేజి మీద ‘ది రిలాప్స్’ అనే నాటకం వేశారు. రాసింది వాన్‌బ్రూ. అందులో లార్డ్ ఫాపింగ్టన్ అనే షోకిల్లా రాయుడున్నాడు. విగ్గులవాడు కొత్త విగ్గు తెస్తే ఈయనకి నచ్చదు. ఎందుకంటే చాలినంత పెద్దది కాదట! మొహంలో కళ్లు తప్ప ఇంకేమీ కనపడకూడదని ఆయన సిద్ధాంతం. ఆ వేషం వేసినవాడు కాలీ సిబ్బర్. అప్పట్లో ఆయన విగ్గు ఎంత ప్రసిద్ధమంటే, దాన్ని పల్లకీలో పెట్టి స్టేజి మీదికి మోసుకొచ్చేవాళ్లు. విగ్గు వొచ్చి దిగగానే హాలంతా చప్పట్లు! హీరో కన్నా ముందు హీరో జోళ్లు చూపించి ఈలలు వేయించే మన ఎంట్రన్సు సీన్లకి తాత అది.

తరవాతి తరం మహానటుడు డేవిడ్ గారిక్ విగ్గుని ఇంకోలా వాడాడని చెప్పుకుంటారు. హామ్లెట్ వేషంలో తండ్రి దయ్యాన్ని చూసినప్పుడు జుట్టు నిక్కబొడుచుకునే మరవిగ్గు పెట్టాడట. ట్రిక్ ఫొటోగ్రఫీ పుట్టకముందే ట్రిక్కు పుట్టిందన్నమాట!

స్టేజి బయట వేరే నాటకం. కవి జాన్ గే 1716లో లండను వీధుల మీద రాసిన ‘ట్రివియా’ కావ్యంలో విగ్గు దొంగల్ని వర్ణించాడు. వొకడు భుజం మీద బుట్ట పెట్టుకుని జనంలో నడుస్తాడు. ఆ బుట్టలో ఓ కుర్రాడు నక్కి వుంటాడు. దొరగారు దగ్గరికి రాగానే బుట్టలోంచి చెయ్యి... విగ్గు మాయం! నున్నటి గుండుతో దొరగారు నడివీధిలో!

కొరడా పట్టిన కుంచె

ఇక అసలు మనిషి దగ్గరికి వద్దాం. విలియం హోగార్త్. 1697లో పుట్టి 1764లో పోయిన లండను చిత్రకారుడు. కథని వరస బొమ్మల్లో చెప్పేవాడు. సినిమావాళ్లు ‘స్టోరీ బోర్డ్’ అంటారే, అలాగ. ఆయన బొమ్మల్లో విగ్గుని వెతుక్కుంటూ పోతే చాలు, సగం కథ తెలిసిపోతుంది.

1735లో అచ్చయిన ‘రేక్స్ ప్రోగ్రెస్’ చూడండి. తండ్రి కూడబెట్టిన ఆస్తి చేతికొచ్చిన కుర్రాడు ఎనిమిది బొమ్మల్లో నాశనమైపోతాడు. పైకొస్తున్నప్పుడు విగ్గు కుదురుగా, దర్జాగా వుంటుంది. ఆరో బొమ్మ జూదగృహం. ఉన్నదంతా పోగొట్టుకుని మోకాళ్ల మీద కూలబడి, పళ్లు కొరుకుతూ పిడికిలి బిగిస్తాడు. విగ్గు నేల మీద పడి వుంటుంది. గుండు బయటపడింది! ఎనిమిదో బొమ్మ పిచ్చాసుపత్రి. అక్కడ విగ్గూ లేదు, వొంటి మీద సరైన బట్టా లేదు. డైలాగు లేకుండా మనిషి పతనం చెప్పాలంటే ఇంతకన్నా ఏం కావాలి? అసలు వర్ణచిత్రాలు లండన్‌లో సర్ జాన్ సోన్ మ్యూజియంలో వున్నాయి.

‘హార్లట్స్ ప్రోగ్రెస్’లో ఆ అమ్మాయి మంచం పైన దారిదోపిడీ దొంగ విగ్గుపెట్టె కనపడుతుంది. పెట్టె మీద వాడి పేరు! అంటే వాడు అక్కడికి వొస్తూపోతూ వుంటాడని మనమే అర్థం చేసుకోవాలి. తాగుబోతుల సభ బొమ్మలో విగ్గులన్నీ పక్కకి జారిపోయి వుంటాయి. 1758 నాటి ‘ది బెంచ్’లో పెద్ద పెద్ద విగ్గుల జడ్జీలు కునికిపాట్లు పడుతుంటారు. విగ్గు మేలుకునే వుంది, న్యాయం నిద్రపోయింది!

నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది 1738లో అచ్చయిన బొమ్మ. వూరూరా తిరిగే నాటక సమాజం ఆడవాళ్లు పశువుల కొట్టంలో వేషాలు వేసుకుంటుంటారు. దేవత వేషం వెయ్యాల్సిన వొకావిడ జుట్టుకి కొవ్వొత్తి రాసుకుంటోంది. పౌడరుకి వంటింటి పిండిడబ్బా సిద్ధంగా వుంది. దొరసానికి అత్తరు పౌడరు, నటికి కొవ్వొత్తీ పిండీ. లాంతరు వెలుగులో ముద్దశంఖం, అర్దళం పూసుకున్న మన వీధినాటకాలవాళ్లకి ఈ బొమ్మ పరాయిది కాదు.

1761 సెప్టెంబరులో మూడో జార్జికి పట్టాభిషేకం. దేశంలో వున్న పెద్ద తలకాయలన్నీ విగ్గులు దువ్వుకుని హాజరు. నవంబరుకల్లా హోగార్త్ ‘విగ్గుల్లో అయిదు శైలులు’ అనే బొమ్మ వదిలాడు. ఆ రోజుల్లోనే స్టూవర్ట్ అనే ఆయన ఏథెన్సు శిథిలాల్ని అంగుళాలతో సహా కొలిచి మహాగ్రంథం తెస్తున్నాడు. గ్రీకు స్తంభాలకి శైలులు వున్నట్టే విగ్గులకీ వున్నాయని హోగార్త్ గంభీరంగా గీశాడు. బిషప్పుల శైలి, పెద్దమనుషుల శైలి, లాయర్ల శైలి... పక్కన కొలతలు, గీతలు, అక్షరాలు! పైగా ప్రాచీనుల విగ్గుల కొలతలతో ఆరు సంపుటాలు పదిహేడేళ్లలో వస్తాయని ప్రకటన కూడా. పండితుడికీ, పదవికీ వొకే రాయితో రెండు దెబ్బలు. విగ్గుల కింద మొహాలున్నాయి కానీ, వాటిని పట్టించుకోవాల్సిన పని లేదని ఆ బొమ్మ చెప్పకనే చెబుతుంది.

నిచ్చెన వేసి జుట్టు దువ్వారు!

హోగార్త్ పోయాక ఆ పని డార్లీ దంపతులు అందుకున్నారు. మాథ్యూ, మేరీ డార్లీలకి లండన్‌లో స్ట్రాండు వీధిలో బొమ్మల దుకాణం. ఇటలీ తిరిగొచ్చి, నెత్తి మీద గోపురంలాంటి విగ్గూ, దాని కొసన బుల్లి టోపీ పెట్టుకు తిరిగే కుర్రకారుకి అప్పట్లో ‘మెకరోనీ’లని పేరు. 1770ల మొదట్లో డార్లీలు ఆ మెకరోనీల బొమ్మలు వరసగా అచ్చేసి కిటికీలో పెడితే జనం విరగబడి చూశారు. సినిమా పోస్టరు ముందు గుమిగూడినట్టు!

ఆడవాళ్ల తలలూ పైకి లేచాయి. ఇక్కడ చిన్న సంగతి. ఆ ఎత్తు కొప్పులన్నీ విగ్గులని చాలామంది అనుకుంటారు. కాదు. చాలావరకు సొంత జుట్టే. లోపల ఉన్ని దిండ్లు పెట్టి, సవరాలు కలిపి, జిడ్డు రాసి, పౌడరు చల్లి లేపేవాళ్లు. 1771లో డార్లీ అచ్చేసిన బొమ్మలో మంగలి నిచ్చెనెక్కి దొరసాని జుట్టు దిద్దుతుంటాడు. ఇంకో ముసలాయన నావికులు నక్షత్రాల ఎత్తు కొలిచే పరికరంతో ఆ కొప్పు ఎత్తు కొలుస్తుంటాడు. 1776లో అమెరికా యుద్ధం నడుస్తోంది. మేరీ డార్లీ ఏకంగా వొక కొప్పు మీదే యుద్ధభూమి గీసింది. కోటలు, ఫిరంగులు, సిపాయిలు! అటు పారిస్‌లో నిజంగానే అలాంటివి నడిచాయి. 1774లో పదహారో లూయీ మశూచికి టీకా వేయించుకుంటే టీకా కొప్పు. 1778లో ‘బెల్ పూల్’ అనే ఓడ ఇంగ్లీషువాళ్లతో పోరాడితే ఓడ కొప్పు. వార్తాపత్రిక అచ్చేసినట్టు నెత్తి మీద వార్తలు అచ్చేశారు.

నవ్వులపాలైన పనివాళ్లు

ఇంతవరకూ నవ్వుకున్నాం. ఇక్కడ నాకు నవ్వు రాదు.

1765 ఫిబ్రవరి నాటికి సొంత జుట్టు పెంచుకునే ఫాషన్ మొదలైంది. లండన్‌లో విగ్గులు చేసేవాళ్ల పొయ్యిలో పిల్లి లేవడం లేదు. అందరూ కలిసి మూడో జార్జికి అర్జీ పట్టుకెళ్లారు. ఫ్రెంచి పనివాళ్లు వచ్చి మా నోటి ముందు కూడు లాగేస్తున్నారు, పెద్దలు విగ్గులు మానేస్తున్నారు, మమ్మల్ని ఆదుకోండి అని. దారిలో జనం చూశారు. విగ్గులు పెట్టమని అడగడానికి పోతున్నవాళ్లలో చాలామందికి విగ్గు లేదు! సొంత జుట్టుతోనే నడుస్తున్నారు. మీరు పెట్టనిది మమ్మల్ని పెట్టమంటారా అని అల్లరిమూక వాళ్లని పట్టుకుని బలవంతంగా జుట్టు కత్తిరించేసింది. హాస్యగాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. యుద్ధం ఆగిపోయి కొయ్యకాళ్లకి గిరాకీ తగ్గింది కనక, రాజుగారు కొయ్యకాలు పెట్టుకోవాలని వడ్రంగులు కూడా అర్జీ ఇస్తారని వేళాకోళం చేశారు.

వేళాకోళం పదునైనదే. కాదనను. కానీ పూటకూటికి విగ్గు కుట్టేవాడు తనకో విగ్గు కొనుక్కోగలడా? నేతగాడి వొంటి మీద పట్టుపంచె లేదేమని నిలదీసినట్టు లేదూ! నిచ్చెనెక్కిన మంగలినీ, పిండిలో మునిగిన పనివాణ్ణీ చూసి నవ్వడం తేలిక. విగ్గు పెట్టుకున్న బిషప్పుని చూసి నవ్వడానికి హోగార్త్‌కున్నంత దమ్ము కావాలి. హేళన పైవాడికి తగిలితే వ్యంగ్యం. కిందివాడికి తగిలితే వొట్టి అల్లరి. మన వూళ్లలో థియేటర్ల ముందు యాభై అడుగుల కటౌట్లు, బ్యానర్లు చేత్తో గీసిన ఆర్టిస్టులకి ఫ్లెక్సీలొచ్చాక ఏమైందో చూసినవాళ్లం మనం. కాలం మారిందని వాళ్లతో చెప్పడం సులువు. ఆ రోజు సాయంత్రం వాళ్లింట్లో పొయ్యి సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

గినీ కట్టినవాడు గినీపంది!

విగ్గుని చంపింది వ్యంగ్యం కాదు. ఆకలి! ఫ్రాన్సులో 1775లో రొట్టె ధర పెరిగి అల్లర్లు చెలరేగాయి. తినడానికి పిండి లేనప్పుడు నెత్తిన పిండి చల్లుకునేవాణ్ణి చూస్తే కడుపు మండదూ? 1789 విప్లవంతో దొరల విగ్గులకి నూకలు చెల్లాయి. తమాషా ఏమిటంటే, ఆ విప్లవానికి నాయకత్వం వహించిన రోబెస్పియర్ మాత్రం తన జుట్టుకి పౌడరు మానలేదు.

ఇంగ్లండ్‌లో 1795లో ధాన్యానికి కటకట వచ్చింది. పైగా ఫ్రాన్సుతో యుద్ధం ఖర్చు. ప్రధానమంత్రి పిట్ జుట్టు పౌడరు మీద పన్ను వేశాడు. పౌడరు వేసుకోవాలంటే మనిషికి ఏడాదికి వొక గినీ కట్టి సర్టిఫికెట్ తీసుకోవాలి. గినీ అంటే ఇరవై వొక్క షిల్లింగులు. కట్టినవాళ్లకి జనం ‘గినీపందులు’ అని పేరు పెట్టారు! బెడ్‌ఫర్డ్ డ్యూకు, ఆయన స్నేహితులు నిరసనగా జుట్లు కత్తిరించేసుకున్నారు. వ్యంగ్య చిత్రకారుడు గిల్‌రే ఆ మార్చిలోనే గినీ ఆదా చెయ్యడానికి పౌడరు మానేసిన పొదుపరి కుటుంబాన్ని గీసి పారేశాడు.  పౌడరు వేసుకునేవాళ్లు క్రమంగా తగ్గిపోయారు.

మిగిలింది కోర్టు. 1822లో హంఫ్రీ రావెన్స్‌క్రాఫ్ట్ అనే విగ్గుల వర్తకుడు పౌడరు అక్కర్లేని గుర్రపువెంట్రుకల విగ్గుకి పేటెంటు తీసుకున్నాడు. ఇంగ్లీషు లాయర్లకి అదే ఖాయమైపోయింది. 2008లో సివిల్, కుటుంబ కోర్టుల్లో జడ్జీలు విగ్గులు తీసేశారు కానీ, క్రిమినల్ కోర్టుల్లో అవి ఇంకా వున్నాయి. మన లాయర్లు నల్లగౌను, తెల్లబ్యాండు వుంచుకుని విగ్గుని వదిలేశారు. మన ఎండలకి అదే మంచిదయింది!

తెర మీద మళ్లీ లేచిన విగ్గు

జనం తలల మీంచి దిగిన విగ్గుని సినిమా మళ్లీ ఎక్కించింది. కుబ్రిక్ ‘బారీ లిండన్’ తీసేటప్పుడు హోగార్త్, గెయిన్స్‌బరోల చిత్రాల్ని ముందు పెట్టుకున్నాడు. కొవ్వొత్తుల వెలుగులో, ప్రత్యేకమైన లెన్సుతో తీసిన ఆ జూదం సీన్లలో తెల్ల మొహాలూ, పౌడరు విగ్గులూ పటాల్లోంచి దిగివచ్చినట్టుంటాయి. నాలుగు ఆస్కార్లు వచ్చాయి. అందులో దుస్తులకి వొకటి.

1984లో మీలోష్ ఫోర్మన్ ‘అమెడియస్’ తీశాడు. అందులో మొజార్ట్ విగ్గుల దుకాణంలో చిన్నపిల్లాడిలా వొక్కో విగ్గూ పెట్టి చూసుకుంటాడు. అన్నీ నచ్చేస్తాయి! ఏది కొనాలో తేలక, వున్నది వొక్క తలే అయినందుకు బాధపడతాడు. ఆ సినిమాకొచ్చిన ఎనిమిది ఆస్కార్లలో మేకప్‌ది వొకటి. 1988 నాటి ‘డేంజరస్ లయజన్స్’ దొరా దొరసానీ ముస్తాబవడంతో మొదలై, గ్లెన్ క్లోజ్ అద్దం ముందు కూర్చుని మొహాన రంగు తుడుచుకోవడంతో ముగుస్తుంది. ‘ది డచెస్’లో 2008లో కైరా నైట్లీ తాగి తూలుతుంటే కొప్పుకి నిప్పంటుకుంటుంది. 2018 నాటి ‘ది ఫేవరిట్’ ఇంకో మెట్టు ఎక్కింది. రాణిగారి చుట్టూ ఆడవాళ్లు రాజ్యం నడుపుతుంటే, మగవాళ్లు బుగ్గలకి రంగులూ నెత్తిన కొండంత విగ్గులూ పెట్టుకుని తిరుగుతుంటారు. హోగార్త్ బతికివుంటే మొదటి ఆట టికెట్టు కొనేవాడు!

ఈ సినిమాలన్నీ చూశాక నాకు తోచింది వొకటే. మంచి డైరెక్టరుకి విగ్గు అలంకారం కాదు, పాత్ర. అది ఎప్పుడు నెత్తి మీద వుండాలో కన్నా ఎప్పుడు జారాలో తెలిసినవాడే గొప్పవాడు. హోగార్త్ జూదగాడి విగ్గుని నేల మీద పడేసింది ఆరో బొమ్మలో. అయిదో బొమ్మలో పడేసి వుంటే అది కామెడీ అయ్యేది.

అన్నట్లు హోగార్త్ తన బొమ్మ తానే గీసుకున్నాడు. 1745లో. అది ఇప్పుడు లండను టేట్ గ్యాలరీలో వుంది. అంతమంది విగ్గుల్ని వూడగొట్టిన మనిషి తనకి తాను విగ్గు పెట్టుకోలేదు. ఇంట్లో వేసుకునే మెత్తటి టోపీ, నుదుటి మీద పాత గాయం మచ్చ, పక్కన పెంపుడు కుక్క. ఆ కుక్క మొహమూ ఆయన మొహమూ కాస్త వొకే పోలికలో వుంటాయి. రంగులపలక ముందుంది. దొరలాగా కాదు, పనివాడిలాగా కనపడాలనుకున్నాడు కాబోలు.

ఆ పటాల్లో రాజు పేరుంది. చిత్రకారుడి పేరుంది. పిండిముద్దలో జుట్టు కాల్చి, రాత్రంతా మెలికలు వేసిన మనిషి పేరు లేదు. జడ అమ్మిన పిల్ల పేరు అసలే లేదు. మన సినిమా టైటిల్సులో ‘కేశాలంకరణ’ అని వొక కార్డు పడుతుంది చూడండి, అది చదివేలోపే వెళ్లిపోతుంది. ఈసారి పౌరాణికం చూసేటప్పుడు ఆ పేరు పూర్తిగా చదవండి. కిరీటం కింద జుట్టు నిలబడింది ఆ చేతులవల్లే!